పాప నీడ

పాపకి నలభై మూడేళ్ళు. పుట్టేటప్పుడు మెదడుకి గాలి అందక కాళ్ళు బిగుసుకుపోయాయి, కుడిచెయ్యి ముడుచుకుపోయింది. అప్పుడు తగులుకున్న పాప అన్న పిలుపు జుట్టు నెరిసినా వదల్లేదు. ఎడమచెయ్యి మాత్రం బంగారం. ఆ చేత్తోనే కర్ర పట్టుకుని లైబ్రరీకి వెళ్ళేది, పుస్తకాల మీద తేదీ ముద్ర కొట్టేది, తన తిండి తను తినేది.

నీడ సంగతి వేరు. పాప కాళ్ళీడ్చుకుంటూ వెళుతుంటే, పక్కన గోడ మీద ఆవిడ నీడ నిటారుగా, చేతులూపుకుంటూ దర్జాగా నడిచేది. చిన్నప్పట్నుంచీ అంతే. వీధిలో ఎవరికీ అదొక వింత కాదు. నీ నీడని చూసైనా తిన్నగా కూర్చోవే అని వదిన సాధించేది. పాపకి ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి కడుపు మండేది.

ఆ ఏడు ముద్ర చేతిలోంచి జారిపోవడం మొదలైంది. గుండీలు పట్టుకు దొరకలేదు. కాళ్ళు ఇంకా బరువెక్కాయి, బాత్రూముకి చేరేలోపే బట్టలు తడిసిపోయేవి. లైబ్రరీకి సెలవు పెట్టించి, వదినే చెంచాతో తినిపించసాగింది. ఎప్పుడూ విసుక్కునే మనిషి విసుక్కోవడం మానేసింది. పాపకి భయం వేసిందక్కడే. ఈ చెయ్యి కూడా పోతే ఇక ఆ గది, ఆ మంచం, ఆ చెంచా.

డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళారు. ఆయన అన్నయ్యనే అడిగేవాడు, అన్నయ్యే చెప్పేవాడు. పుట్టుకతో వచ్చిన జబ్బు, వయసుతో ముదురుతుంది, మామూలే అని మాత్రలు మార్చి పంపేవాడు. ఇంట్లోనూ మామూలే, వీధిలోనూ మామూలే. ఎవరో తనని తన ఒంట్లోనే పెట్టి బయట తాళం వేసుకుపోయినట్టుండేది పాపకి. ఆ ఉక్రోషంలో కొన్నాళ్ళుగా నీడ వైపు చూడటం కూడా మానేసింది.

మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరు బల్లదీపం వెలిగించి, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, పాత పాటే అందుకున్నాడు. వినలేక పాప గోడకేసి తల తిప్పింది.

గోడ మీద నీడ వంగిపోయి కూర్చుంది. ఎడమచెయ్యి వేలాడుతోంది. కుడిచేత్తో మెడ వెనక అదిమి పట్టుకుంది.

"డాక్టరుగారూ, నా నీడని చూడండి" అంది పాప.

"ఆయన పని ఆయన్ని చేసుకోనీ, పాపా" అన్నాడు అన్నయ్య.

"నువ్వుండన్నయ్యా. పుట్టుకతో వచ్చిన జబ్బు నాది. దానికి ఏనాడూ లేదు. మరి దాని చెయ్యెందుకు పడిపోయింది?"

డాక్టరు సుత్తి కింద పెట్టాడు. గోడ దగ్గరికెళ్ళి, పిడికిలి మూసి తెరవమని నీడనే అడిగాడు. దాని వల్ల కాలేదు. వెనక్కి వచ్చి, మొదటిసారిగా పాప మెడ మీద వేళ్ళు పెట్టి చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతున్నట్టుందనీ, రేపే స్కాను తీయాలనీ, అదే అయితే ఆపరేషను తప్పదనీ అన్నాడు. పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు, ఉన్నదైనా నిలుపుకోవచ్చు. ఇది ముందే చూడాల్సింది, తప్పు నాదే అన్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అలవాటు కొద్దీ అన్నయ్యనే అడిగాడు. అన్నయ్య తన కుర్చీ వెనక్కి జరుపుకుని పాపకేసి చూశాడు.

డాక్టరు స్టూలు లాక్కుని పాప ఎదురుగా కూర్చున్నాడు. "మీరు చెప్పండి" అన్నాడు.

పాప మొదలుపెట్టింది. ఆవిడకి మాట మెల్లగా వస్తుంది, మధ్యలో ఆగుతుంది. ఆగినచోటల్లా వాళ్ళిద్దరూ ఆగారు.