నిమ్మరసం ప్రార్థన

నిమ్మరసంతో రాస్తే అక్షరాలు కనబడవని, వేడి తగిలితే గోధుమ రంగులో పైకి తేలుతాయని నాకు నేర్పింది పక్కింటి నర్మద. అయిదో తరగతి సెలవులన్నీ ఆ పిచ్చిలోనే గడిపాం. అగ్గిపుల్లకు దూది చుట్టి రాసేవాళ్లం, ఇస్త్రీపెట్టెతో రుద్ది చదివేవాళ్లం. నిమ్మకాయలు ఎటు పోతున్నాయో తెలియక అమ్మ తల పట్టుకునేది.

ఆ సెలవుల్లోనే అమ్మకు కొంగరకలాన్‌లో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. షిఫ్టు డ్యూటీ. పొద్దున పోతే నేను పడుకున్నాకే వస్తుందట. లారీ మీద పోయిన బాపు వారానికి గానీ రాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయం.

మా చర్చిలో ఏ పనికైనా ముందు కాగితాలు పాస్టర్ గారికిచ్చి ప్రార్థన చేయించుకుంటారు. ఆదివారం అమ్మ తన పదో తరగతి మెమో తీసుకెళ్తుందని తెలిసి, శనివారమే దాని వెనక నిమ్మరసంతో రాశాను: "ప్రభువా, అమ్మకు నౌకరి రానియ్యకు. మనోజ." చదవడానికి దేవుడికి ఇస్త్రీపెట్టె ఎందుకు?

పాస్టర్ గారు మెమోను రెండు చేతుల మధ్య పెట్టుకుని, "దీన్ని నెరవేర్చు ప్రభువా" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

సోమవారం ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ముందు అమ్మ ఆగింది.

"ఎల్లేశన్నా, రేపే ఇంటర్వ్యూ. జర ఈ మెమోకు లామినేషన్ చెయ్యి."

ఆ మిషన్ వేడి నాకు తెలుసు. నా ఆధార్ కార్డు అందులోంచి వచ్చినప్పుడు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి.

"వద్దమ్మా, గట్లనే ఉండనీ."

"వానకు తడిస్తే నువ్విస్తవా ఇంకోటి?"

మెమో మిషన్‌లోకి పోయింది. బుడగలొచ్చాయని ఎల్లేశ్ రెండోసారి పెట్టాడు. నేను చెప్పుల వంక చూస్తూ, తేలొద్దు, తేలొద్దు అనుకున్నాను.

అమ్మ మెమో తిప్పి చూసింది. ప్లాస్టిక్ లోపల గోధుమ రంగు అక్షరాలు, చివర నా పేరు. ఇక ఏ రబ్బరుతోనూ చెరపలేం. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వంగి, ఎల్లేశ్‌కు వినబడకుండా అడిగింది.

"ఎప్పుడు రాసినవే గిది? పాస్టర్ గారు ప్రార్థన చెయ్యకముందా, చేసినంకనా?"

మెమోను కొంగు చాటుకు దాచుకుంది. నాకంటే అమ్మకే ఎక్కువ భయంగా ఉంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"చేసినంకనే అమ్మా," అన్నాను.

అమ్మ ఊపిరి పీల్చుకుంది. మెమోను సంచిలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా, శనివారం రాసింది కొట్టెయ్యమని దేవుణ్ణి వేడుకుంటూనే నడిచాను.