మూడో అరలో తొమ్మిదేళ్ళు

నేను ఒక హార్డ్‌డిస్కుని, అదీ అలిసిపోయినదాన్ని. ఎక్కడో సముద్రం అవతల, దుమ్ము దూరని గదిలో, ముఖానికి మాస్కులు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అంత శుభ్రం మళ్ళీ నా జన్మలో చూడలేదు. కాకినాడలో ఒక బ్లడ్‌బ్యాంకు సర్వర్లో మూడో అరలోకి నన్ను తోసినప్పటి నుంచి తొమ్మిదేళ్ళు తిరుగుతూనే ఉన్నాను. ఆదివారం లేదు, పండగ లేదు.

మేము ఆరుగురం. రక్తదాతల పేర్లు, ఫోన్ నంబర్లు మా ఆరుగురిలో పంచి రాసి ఉండేవి. ఒకరు చచ్చినా మిగతా అయిదుగురం ఆ వాటా కూడా కూడబలుక్కుని చెప్పగలం. ఇద్దరు పోతే మాత్రం అంతా పోయినట్టే. ఈ సంగతి మనుషులకు తెలుసు. తెలిసి కూడా, వేరే చోట నకలు తీసి పెట్టే పనిని ప్రతి సోమవారం వచ్చే సోమవారానికి వాయిదా వేసేవారు.

మమ్మల్ని చూసుకునేది కంప్యూటర్ ఆపరేటర్ వీరవేణి గారు. మంచి మనిషి, భక్తి కొంచెం ఎక్కువ. ఏటా ఆయుధపూజ నాడు మా ఆరుగురికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేవారు. ముఖమంటూ మాకున్నది ఒక చిన్న దీపం. బాగుంటే ఆకుపచ్చగా, చెడితే ఎర్రగా వెలుగుతుంది. బొట్టు సరిగ్గా దాని మీదే. తుడిస్తే అపచారమని మళ్ళీ దసరా దాకా ముట్టుకునేవారు కాదు.

ఆ మధ్యాహ్నం ఐదో అరలోది కీచుమని ఆగిపోయింది. మేం సర్దుకున్నాం గానీ పని నత్తనడక అయింది, జాబితా ఎంతకీ తెరుచుకోలేదు. అదే సమయానికి పక్క ఆసుపత్రిలో గంగారత్నం అనే బాలింతకు రక్తం పోవడం ఆగలేదు. ఆమెది చాలా అరుదైన గ్రూపు. ఆ రక్తం ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్ళు జిల్లా మొత్తానికి ముగ్గురే. ముగ్గురి నంబర్లూ మా దగ్గరే ఉన్నాయి.

సర్వర్లు బాగుచేసే డేవిడ్ రాజుకు వీరవేణి గారు ఫోన్ చేశారు.

"ఎర్రగా ఏది వెలుగుతుందో చూడండి మేడంగారూ. దాన్నొక్కదాన్నీ లాగి మళ్ళీ పెట్టండి," అన్నాడు.

"మూడోదండి."

నా దీపం ఆకుపచ్చగానే ఉంది. పైనున్న కుంకుమ పల్చబడి ఎర్రగా కనబడింది, అంతే. ఐదోదాని బొట్టు మందంగా ఉండి దాని ఎరుపు కనబడనే లేదు. నేను కాదని అరవడానికి నాకు నోరేది? ఆమె నన్ను లాగేశారు. తెర మీద పేర్లన్నీ పోయాయి.

"ఏంటండీ ఇలాగైపోయింది? అక్కడ ఆ పిల్ల పోతాదండి," అన్నారు వీరవేణి గారు ఫోన్లో, నన్ను చేతిలో పట్టుకునే.

"ఇంకేం ముట్టుకోకండి. వచ్చేత్తన్నాను."

సామర్లకోట నుంచి అరగంటలో బండి మీద వచ్చాడు. బొట్లు చూశాడు. జేబురుమాలు తడిపి ఆరింటినీ తుడిచి, నన్ను మళ్ళీ మూడో అరలోకి తోశాడు. తొమ్మిదేళ్ళు ఊడిగం చేయించుకున్న ఆ సర్వర్ పెట్టె, నువ్వు పరాయిదానివి పొమ్మంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డేవిడ్ రాజు అది అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు కొట్టి, నేను ఇంటిదాన్నేనని ఒప్పించాడు. లోపలంతా అరిగిపోయి ఉంది. అయినా తిరిగాను.

జాబితా తెరుచుకుంది. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండోది పనిచేయడం లేదు. మూడోది పిఠాపురంలో పంక్చర్లు వేసే సత్తిబాబుది. "చెయ్యి కడుక్కుని బయల్దేరతానండి," అన్నాడు.

నెల తిరక్కుండా కొత్త సర్వర్ వచ్చింది. నాలోని పేర్లు ఎవరి కంటా పడకూడదట. డ్రిల్లుతో నాకు నడిమధ్యన కన్నం పొడిచి, మిగతావాటితో పాటు అట్టపెట్టెలో పడేసి, వీరవేణి గారి బల్ల కిందికి తోశారు. నిజం చెబుతున్నాను, ఆగిపోవడం హాయిగానే ఉంది.

మొన్న గంగారత్నం పాపను ఎత్తుకుని వచ్చింది. సత్తిబాబుకు చొక్కా పెట్టి అక్కణ్ణించే వస్తోందట. డేవిడ్ రాజుకని కాజాల పొట్లం ఇచ్చి, వీరవేణి గారి కాళ్ళకు దండం పెట్టింది. "మీ ముగ్గురూ లేపోతే నేను లేనండి," అంది. ఇంతలో పాప ఏడుపందుకుంది. పాలివ్వడానికి కూర్చునే చోటు లేక, ఆమె నా అట్టపెట్టెను బయటికి లాక్కుని దాని మీదే కూర్చుంది. పెట్టె కొద్దిగా కుంగి, ఆమె బరువు నా మీద పడింది. పాప తాగి నిద్రపోయేదాకా లేవలేదు.