రెండో పట్టీ ముక్క

కొలిమి పక్క నీళ్ల తొట్టిలో టింగుమని చప్పుడైంది. నర్సింగమ్మ పట్టుకారు పైకెత్తి చూస్తే కత్తి నడుమ వెంట్రుకంత పగులు. పొద్దున్నుంచి పడ్డ చాకిరీ అంతా బూడిదలో పోసినట్టయింది.

ఇరవై ఏళ్లుగా కొలిమిలో తిత్తి ఊది సమ్మెట కొట్టిన మనిషే ఆమె. కాల్చిన ఇనుమును ముంచి గట్టిచేసే పని మాత్రం ఏనాడూ ముట్టలేదు. అది మగవాళ్ల పని, మొగుడు జానయ్య పని. ఆ జానయ్యకు మూడు నెలల కింద పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడు గోడకు చేరగిలి ఎడమచేత్తో తిత్తి లాగుతున్నాడు.

రేపు బీరప్ప పండుగ. దేవుడికిచ్చే పొట్టేలు ఒక్క వేటుకు తెగాలి, రెండో వేటు పడితే మందకు కీడు. గొర్లు కాసే కురుమల పెద్ద బీరన్న నిన్న వచ్చి, నందికొండ డ్యాం కాడ దొరికిన లారీ కమాను పట్టీ ముక్కలు రెండు ముందు పెట్టాడు.

"రేపు పొద్దుగూకేసరికి కత్తి గావాలె వదినె. జానన్నతోని గాకుంటే చెప్పు, పక్కూరి కమ్మరి మల్లప్పను పిలిపిస్త. ఊరి పని గూడ ఆయనకే ఇద్దామంటున్నరు."

"ఆయనకు జర నయమైంది. ఆయనే జేస్తడు" అనేసింది నర్సింగమ్మ. ఊరి పని పోతే ఇంక తినేదేమిటి, బొగ్గులా?

మిగిలింది ఒక్క ముక్క. సాగగొట్టింది, మళ్లీ కాల్చింది. ఆమె తొట్టిని దగ్గరికి జరిపినప్పుడల్లా జానయ్య గొంతులో ఏదో మూలుగు. పొద్దుట కూడా ఇదే వరస. ఆడదాని చేతిలో పట్టుకారు చూడలేక ఏడుస్తున్నాడు, మూలన పడ్డా మగతనం చావలేదు అని పళ్లు కొరికింది.

కత్తి మోదుగుపువ్వు రంగుకొచ్చింది. పట్టుకారుతో తీసి తొట్టి వైపు తిరిగిందో లేదో, జానయ్య ఎడమకాలితో తొట్టిని ఒక్క తన్ను తన్నాడు. నీళ్లన్నీ నేలపాలు.

"నా కొంప ముంచితివి గదయ్యా" అంది.

అతను వినలేదు. పడిపోయిన తన చేతికి రుద్దుదామని ఆమె కాచిపెట్టిన ఆముదం కుండను బరబర ఆమె ముందుకు లాగాడు. అప్పుడు తెలిసింది నర్సింగమ్మకు. నాటు ఇనుముకు నీళ్లు సరిపోతాయి, ఈ లారీ ఇనుము నీళ్లలో పగులుతుంది, దీనికి నూనె కావాలి. పాపం, పొద్దున్నుంచి అదే చెప్పబోతున్నాడు.

చల్లారిన కత్తిని మళ్లీ కొలిమిలో తోసింది. అతను తిత్తి లాగాడు. రంగు రాగానే ఆముదంలో ముంచింది. భగ్గుమని మంట లేచింది, పొగ కమ్ముకుంది. చెవులు రిక్కించి విన్నది. టింగుమనలేదు.

పెళుసుతనం పోవడానికి సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా తిప్పి, సాన పట్టింది.

పొద్దు వాలుతుండగా బీరన్న వచ్చి ఎండు తుమ్మకొమ్మ మీద ఒక్క వేటు వేశాడు. కొమ్మ తెగింది, అంచు చెక్కుచెదరలేదు.

"జానన్ననే జేసిండా?"

దేవుడి కత్తి ఆడదాని చేతిదంటే ముట్టడేమో. "ఔ, ఆయనే" అంది.

జానయ్య తల అడ్డంగా ఊపాడు. ఎడమచేయి ఎత్తి వేలు నర్సింగమ్మ వైపు చాపాడు. చాపిన చెయ్యి దించలేదు. బీరన్న కత్తినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"మల్లప్పను ఇంక పిలిపియ్య, ఊరి పని మీకే" అన్నాడు చివరికి, కత్తిని గొంగడిలో చుట్టుకుంటూ. "పండుగైనంక మావోళ్లు గొడ్డళ్లు గూడ తెస్తరు, చూడు వదినె."

అతను వెళ్లాక నర్సింగమ్మ మొగుడి పక్కన కూలబడింది. ఇంకా ఎత్తే ఉన్న ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"పొద్దుగాల సంది నిన్నే తిట్టుకున్న గదయ్యా" అని భోరున ఏడ్చింది.