గ్యారంటీ ఇవ్వబడదు

నా కొట్టు గోడకి ఒకే ఒక్క బోర్డు ఉండేది: "రిపేరుకు గ్యారంటీ ఇవ్వబడదు." గడియారాలు బాగుచేయడం నా పని. బాగుచేసి ఇచ్చిన వాచీని ఒకాయన స్నానాల గదిలో మరిచిపోతాడు, ఇంకొకావిడ పసివాడి చేతికి ఆటకిస్తుంది. వాళ్ళ నిర్వాకానికి నేనెందుకు పూచీ పడాలి? కొట్టు మూసేసి, బల్లని ఇంట్లో కిటికీ పక్కన వేసుకున్నాక కూడా ఆ బోర్డు తెచ్చి తల పైన గోడకి తగిలించుకున్నాను. "వచ్చినవాళ్ళని పలకరించే బోర్డేదైనా పెట్టుకోండి మామయ్యా," అంటుంది మా కోడలు. పలకరిస్తే అరువు అడుగుతారని నా భయం.

అలాంటి నాకు, నా ఒంటికే గ్యారంటీ అమ్మడానికి ఒకమ్మాయి ఇంటికొచ్చింది. ఆరోగ్య బీమా ఏజెంటు. కోడలు పనిచేసే బేకరీలో రోజూ రొట్టె కొనుక్కుంటుందట, అలా స్నేహం.

బీమా నా కోసం కాదు, మనవరాలి కోసం. దానికి నేను పెట్టుకున్న పేరు సెకను ముల్లు. ఇంట్లో అందరం కుదురుగా ఉన్నా అది ఉండదు. చలికాలం వస్తే మాత్రం దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంటుంది. గోడ గడియారం కింద కూర్చోబెట్టుకుని, "లోలకం ఇటొస్తే ఊపిరి పీల్చు, అటు పోతే వదులు," అంటూ నెమ్మదిగా దారిలోకి తెస్తాను. పోయిన చలికాలం గడియారం వల్ల కాలేదు, ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. మా వాడు సిటీ బస్సు నడుపుతాడు. ఎంత రద్దీలోనూ తొణకనివాడు, ఆ రోజు బిల్లు కౌంటరు ముందు నిలబడి అప్పు కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. మళ్ళీ చలి ముదిరేలోగా బీమా ఉండి తీరాలని కోడలు అప్పుడే ఖాయం చేసుకుంది.

"రెండు ప్లాన్లున్నాయండీ," అంది ఏజెంటు అమ్మాయి. "చవక ప్లానులో పాప ఉబ్బసానికి మూడేళ్ళు ఆగాలి. రెండోదాంట్లో నెల దాటితే చాలు. కాకపోతే అందరినీ ఒకే పాలసీలో పెడితే, ఇంట్లో పెద్దవాళ్ళ వయసుని బట్టి రేటు కడతారు."

అని నా వైపు చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంది. నేను ఉన్నంతవరకూ రెండో ప్లాను మాకు అందదన్నమాట.

"అయితే నన్ను తీసెయ్యమ్మా," అన్నాను. "ఈ వయసులో నాకెందుకు?"

"ఉంటే నలుగురికీ ఉండాలి. లేకపోతే ఎవరికీ వద్దు," అంది కోడలు.

"మూడేళ్ళు ఆగమని పిల్ల ఊపిరితో చెబుతావా?"

"మిమ్మల్ని వదిలేశానని రేపు నా మొహం నేనెలా చూసుకోను?"

ఏజెంటు అమ్మాయి మధ్యలో ఇంకేదో చెప్పబోయింది. మా ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు వినే అలవాటు లేదు, మూడో మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వాడు మింగలేక కక్కలేక నన్నొకసారి, కూతుర్నొకసారి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ, "ముందు కంపెనీ డాక్టరు పెద్దాయనకి ఫోన్ చేసి ఆరోగ్యం సంగతి అడుగుతారు. వాళ్ళు ఒప్పుకున్నాక చూద్దాం," అంది.

ఒప్పుకున్నాక అన్న మాట దగ్గర నాకు దారి దొరికింది. కంపెనీయే నన్ను వద్దంటే కోడలు ఎవరితో పోట్లాడుతుంది? ముగ్గురూ హాయిగా రెండో ప్లాను తీసుకుంటారు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అని మురిసిపోయాను.

ఫోను వచ్చినప్పుడు కంట్లో భూతద్దం బిగించుకుని, ఓ వాచీ పొట్ట విప్పి ఉన్నాను. చెవులు మందం కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే పెడతాను. కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోంది కదా అన్న ధీమా ఒకటి.

"చక్కెర జబ్బు ఉందాండీ?" అంది అవతలి డాక్టరు.

"ఊఁ... ఉంది."

"రక్తపోటు?"

కాస్త ఆలోచించి, "అదీ ఉంది," అన్నాను.

"సిగరెట్లు?"

"ఆ... పెట్టెలకి పెట్టెలు."

"గుండెకి సంబంధించి ఏమైనా ఇబ్బంది?"

"అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుతుందమ్మా. మెట్లెక్కుతుంటే కళ్ళ ముందు చీకటి కమ్ముతుంది. గోడ పట్టుకుని నిలబడితే కాసేపటికి మళ్ళీ అందుకుంటుంది."

డాక్టరు ఫోన్ పెట్టేసింది. భూతద్దం తీసి తలెత్తితే గుమ్మంలో కోడలు, చేతిలో ఖాళీ బకెట్టు.

"సిగరెట్ల దాకా నవ్వాపుకుంటూ నిలబడ్డాను," అంది. మొహంలో నవ్వు లేదు. "ఆ మూడూ వెతుక్కుని వెతుక్కుని చెప్పారు. గుండె సంగతి మాత్రం తడుముకోకుండా చెప్పారు."

"అదీ అబద్ధమేనమ్మా."

"అయితే పదండి. ఆ ముక్క మన డాక్టరుగారి చేత చెప్పించండి."

బకెట్టు పక్కన పెట్టి నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. మా ఇంట్లో ఆ రెండో మనిషి కోడలు.

మా డాక్టరు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నాడి చూశాడు. ఛాతీ మీద తీగలు అతికించి గీతలు తీయించాడు. చక్కెర లేదు, రక్తపోటు లేదు. గుండె మాత్రం నెమ్మదించిందట, మధ్యమధ్యలో తప్పుతోందట. ఇప్పటికి మందులు చాలు, ముందు ముందు ఛాతీలో చిన్న మెషిన్ పెట్టాల్సి రావచ్చు, బ్యాటరీతో నడుస్తుంది అన్నాడు. కీ ఇచ్చేది తప్ప ఇంకేదీ వాచీయే కాదని బతుకంతా వాదించినవాణ్ణి. నాకే బ్యాటరీ.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"వానలప్పటినుంచి. వయసనుకున్నానమ్మా."

"పాపకి ఆయాసం వస్తే ఆయన బండి తీస్తారు, నేను మందుల సంచీ తీస్తాను. అది మాత్రం మీ ఒళ్ళోకే పరిగెడుతుంది. మిమ్మల్ని పక్కన పెట్టి దానికి బీమా చేయిస్తారా మామయ్యా? దానికి మొదటి బీమా మీరే కదా."

నా కూతురైనా ఇంత మాట అనేది కాదేమో. నాకు కూతుళ్ళు లేరు, అది వేరే సంగతి. ఆ బల్ల మీద కూర్చుని సిగ్గుపడ్డాను, దానికన్నా ఎక్కువ సంతోషపడ్డాను.

ఏజెంటు అమ్మాయిని మళ్ళీ పిలిచాం. జరిగిందంతా చెప్పి, లేని జబ్బులు కొట్టేయించి, ఉన్నది రాయించాం. ఆమె ఓపిగ్గా విని, "ఆ రోజు నేను చెప్పబోయింది ఇదే. మీరిద్దరూ చెప్పనిస్తే కదా," అంది. "పెద్దాయనకి విడిగా చిన్న పాలసీ తీసుకోండి. అప్పుడు మీ ముగ్గురి రేటు మీ వయసుని బట్టే ఉంటుంది, పాపకి రెండో ప్లాను అందుతుంది. ఆయన ఆస్పత్రి ఖర్చులో కొంత మీరు పెట్టుకోవాలి. గుండెకి మాత్రం మూడేళ్ళు ఆగాలి. మిగతావి ముందే వర్తిస్తాయి."

ఈసారి అందరం నోరు మూసుకుని చివరిదాకా విన్నాం. కంపెనీ నన్ను ఒప్పుకుంది. మా వాడు రెండు పాలసీలకీ సంతకాలు పెట్టాడు.

ఆమె వెళ్ళాక కోడలు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. తల మీది బోర్డు వైపు చూసింది.

"మామయ్యా, ఆ మూడేళ్ళకి ఎవరు పూచీ?"

సెకను ముల్లు నా కుర్చీ చుట్టూ తిరుగుతోంది. దాని ఊపిరిలో చిన్న కూత అప్పుడే వినబడుతోంది. చలి మొదలైంది.

"షరతులున్నాయి," అన్నాను. "నీళ్ళలో నానబెట్టకూడదు. కింద పడేయకూడదు. వేళకి కీ ఇవ్వాలి."

"ఇస్తాను."

"అయితే మూడేళ్ళకీ నాదే పూచీ."

ఇంతవరకూ ఏ వాచీకీ ఆ మాట అనలేదు. కోడలు మాత్రా, మంచినీళ్ళ గ్లాసూ తెచ్చి బల్ల మీద పెట్టింది. వేసుకుని, మనవరాలిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఇటొస్తే పీల్చు," అన్నాను. "అటు పోతే వదులు."

దానితో పాటు నేనూ పీల్చి వదిలాను.