పొగపన్ను గేటు

పన్ను పీకితే నొప్పి పోతుంది; పన్ను వేస్తే నొప్పి మొదలవుతుంది. ఎనభై ఎనిమిదిలో నర్సీపట్నం పొలిమేర గేటు దగ్గర జీపులకు పొగపన్ను పెట్టినప్పుడు నేను వేసిన జోకు ఇది. మా చింతపల్లి స్కూలు స్టాఫ్‌రూమంతా పగలబడి నవ్వింది. ఆ సోమవారం మాత్రం నా నోట జోకు రాలేదు. జీపులో నా పక్కన కూర్చున్న మా ఆవిడ శ్యామలాంబకు ఊపిరే రావడం లేదు.

ఆవిడకు ఉబ్బసం. నర్సీపట్నం ఆసుపత్రికి చేరాలంటే మత్స్యలింగం తోలే జీపే దిక్కు. ఎనిమిది మందికని పుట్టి ఇరవై మందిని మోస్తోంది పాపం. ఘాట్ రోడ్డంతా ఘాటు పొగే.

గేటు ముందు రోడ్డు కాస్త ఎత్తు. జీపు ఆ ఎత్తు ఎక్కుతుంటే అధికారి పొగగొట్టం వెనక తెల్లగుడ్డ పట్టుకుని నడుస్తాడు. గుడ్డ నల్లబడితే పన్ను. కట్టేది బండి తోలేవాడే. మూడోసారి నల్లబడితే లైసెన్సు లాక్కుంటారు. మత్స్యలింగానికి అప్పటికే రెండుసార్లయింది. డీజిల్లో కిరసనాయిలు కలిపించే ఓనరు మాత్రం తన రైసుమిల్లులో చల్లగా కూర్చుంటాడు. గుడ్డ తెల్లదే, రూలే గుడ్డిది.

అందుకని జీపులవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బరువు తగ్గితే పొగ తగ్గుతుందని, ఎత్తుకు ఇవతలే అందరూ దిగి, గేటు దాటేదాకా నడవాలి.

"దిగండి, దిగండి, బేగి! ఓలప్పా దేవుడమ్మా, నీ గంప కూడా దించీ!" అని అరిచాడు మత్స్యలింగం. నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మగోరిని దించకండి మాస్టారూ. మీరు దిగిపోండి, సాలు."

దిగాను. జీపు ఎత్తెక్కింది. అధికారి గుడ్డ విప్పి చూశాడు. బూడిదరంగు.

"ఏటీ తేలట్లేదు. బండి ఇక్కడే ఉంచి యాక్సిలరేటరు గట్టిగా తొక్కు, మళ్లీ చూస్తాను."

మత్స్యలింగం తొక్కాడు. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. పొగంతా టార్పాలిను కిందికి దూరింది. శ్యామలాంబ దగ్గు వినిపించింది. తర్వాత దగ్గు కూడా వినిపించలేదు.

"ఆపవయ్యా!" అని పరుగెత్తాను.

నేను చేరేలోపే ఇంజను ఆగింది. వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూసి మత్స్యలింగమే తాళం తిప్పేశాడు. నడుస్తున్నవాళ్లంతా నిలబడిపోయారు. ఆ జీపుకు సెల్ఫు పనిచేయదు. పొద్దున తోసి లేపితే సాయంత్రం దాకా ఇంజను ఆపడు. తోసి లేపినప్పుడు అది కక్కే నల్లమబ్బు చింతపల్లి అంతటికీ తెలుసు.

టార్పాలిను ఎత్తి ఆవిడకు గాలి విసిరాం. కాస్త ఊపిరి కదిలింది.

"పరీక్ష అవలేదు. స్టార్ట్ చెయ్," అన్నాడు అధికారి.

"బాబూ, ముందు ఆసుపత్రికి పోనియ్యండి," అన్నాడు మత్స్యలింగం.

"స్టార్ట్ చేస్తే కదా పోయేది!"

అదీ నిజమే. అందరం కలిసి తోశాం. జీపు లేచింది. గుడ్డ, గుడ్డ పట్టిన చెయ్యి, చొక్కా, అన్నీ నల్లబడ్డాయి.

"కిరసనాయిలు కలిపించింది ఓనరండి, నానేటి సేస్తాను?"

"రూల్లో ఓనరు లేడు. స్టీరింగు పట్టినవాడే ఉన్నాడు."

శ్యామలాంబ తల బయటికి పెట్టింది. "పొగ... ఓనరుది. దగ్గు... నాది. పన్ను... ఇతనిదా?"

అధికారి లైసెన్సు కోసం చెయ్యి చాపాడు. మత్స్యలింగం లైసెన్సు తీసి ఇచ్చాడు.

"ఆసుపత్రి దాకా తోలు. తిరిగి జీపుతో ఇక్కడికే రావాలి."

బజారులో జనం దిగిపోయారు. ఆసుపత్రి ముందు అతను ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ తోసేవాళ్లు లేరు.

"మీరు పదండి మాస్టారూ. అమ్మగోరిని సూసుకోండి," అన్నాడు.

సూది పడింది. చాలాసేపటికి శ్యామలాంబ ఛాతీ నిండుగా పొంగింది. ఆ మొదటి పూర్తి ఊపిరితో నన్నే కసిరింది.

"ఇంకా ఇక్కడే నిలబడ్డారేం? జోకులు స్టాఫ్‌రూములో కాదు, గేటు దగ్గర నోరు విప్పండి. వెళ్లండి!"

బయట జీపు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. చెప్పులు చేత పట్టుకుని జీపు వైపు పరుగెత్తాను.