ఎర్రకాళ్ల కొంగల లెక్క

మా దేశం చాలా పెద్దది. ఒక మూల కుండపోతగా కురుస్తుంటే ఇంకో మూల జనం బిందెలు పట్టుకుని ఆకాశంకేసి చూస్తుంటారు. ఈ మాట నాది కాదు, మా ఆఫీసు ఏటా అచ్చేసే ‘సమాజం, ప్రకృతి, సంస్కృతి’ అనే పుస్తకానిది. బిందెల ముక్క మాత్రం నాదే. దాన్ని పెద్దసారు కొట్టేశారు.

ఆ పుస్తకంలో ప్రకృతి భాగం రాసేది నేను. సమాజం రాసే ఆయన చదువుకున్నవాళ్లకి, సంస్కృతి రాసే ఆవిడ నాట్యాలకి ఏటా పదిశాతం కలుపుతారు. దేశం ముందుకు పోతోందంటే అన్నీ పెరగాలన్నది పెద్దసారు సిద్ధాంతం. అలా అడవులు పెరిగాయి, కొండలు పెరిగాయి, నదులు కూడా కాస్త పొడుగు సాగాయి.

ఊరి చివర మడుగులో ఎర్రకాళ్ల కొంగలుంటాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేవని మా పుస్తకం గొప్పలు పోతుంది. వాటికి కాపలాదారు మా మామగారు, అంటే మా ఆవిడ తండ్రి. మా ఇంట్లోనే ఉంటారు. పొద్దున్నే పాత గొడుగు చంకలో పెట్టుకుని మడుగుకి పోతారు. ఏటా వానలు వెలిశాక మూడు రోజులు ఒడ్డున కూర్చుని కొంగల్ని లెక్కపెట్టి, ఆ అంకె చీటీ మీద రాసి నాకిస్తారు. నేను దాన్ని పుస్తకంలోకి ఎక్కించాలి. ఆయన అబద్ధమాడగా ఎవరూ వినలేదు. నాకు పిల్లనిచ్చేటప్పుడు కూడా “దీనికి కోపం ఎక్కువ బాబూ” అని ముందే చెప్పేసిన మనిషి.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఆయన చీటీలో పందొమ్మిది అని ఉంది. పెద్దసారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

“పోయినేడు పుస్తకంలో పందొమ్మిది వందలుంది. రెండు సున్నాలు ఎక్కడ పారేసుకున్నాడయ్యా మీ మామ?”

“పందొమ్మిదే ఉన్నాయట సార్.”

“ఆయన ఒడ్డున కూర్చుని మడుగుని చూస్తాడు. మనం దేశాన్ని చూడాలి. పోయినేటి అంకెకి పదిశాతం కలుపు.”

కలిపాను. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం, నోరెత్తే ధైర్యం ఎక్కడిది? ధైర్యం వచ్చేసరికి అలవాటు కూడా వచ్చేసింది. పదకొండేళ్లలో మామగారి చీటీ పందొమ్మిది నుంచి పదకొండుకి దిగింది, నా పుస్తకం అయిదువేల నాలుగు వందల ఇరవై ఒకటికి ఎక్కింది. ఆయన ఆ పుస్తకం ఎప్పుడూ తెరవలేదు. “నా అంకె వేశావా అల్లుడూ?” అని అడిగేవారు. “వేశాను మామయ్యా” అనేవాణ్ని. ఆయన తృప్తిగా అన్నం కలుపుకునేవారు.

ఈ మధ్య మడుగులో చేపలు తగ్గిపోయాయని పడవలవాళ్లు గొడవకి దిగారు. ఎగువన రంగుల కర్మాగారం ఒకటుంది. దాని పక్కనుంచి మడుగులోకి వచ్చే కాలవ సోమవారం నీలంగా, గురువారం ఎర్రగా పారుతుంది. కర్మాగారం యజమాని గట్టివాడు. ఎవరితోనూ నోరు పారేసుకోలేదు. మా పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు. అయిదువేల పైచిలుకు కొంగలు, ఒక్కోటి రోజుకి అరకిలో తింటే చేపలు ఎక్కడ మిగులుతాయి? పుస్తకం సర్కారుది, కాదనేదెవరు? వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రెండువేల కొంగల్ని కాల్చి తగ్గించాలి.

పెద్దసారు గదికి పరిగెత్తాను.

“సార్, అక్కడున్నవి పదకొండు.”

“వేలా?” ఆయన కంగారుపడ్డారు.

“ఉత్త పదకొండు సార్. మిగతావన్నీ మనం కలిపినవి.”

ఆయన లేచి వెళ్లి తలుపు వేసొచ్చారు. “చూడు నాయనా. ఆ పదిశాతం నాకు నేర్పినాయన ఇప్పుడు రాజధానిలో కూర్చున్నాడు. ఆయనకి నేర్పినాయన ఇంకా పైన కూర్చున్నాడు. పుస్తకం తప్పని రాసిస్తావా? కాగితం ఇదిగో, కలం ఇదిగో. సంతకం మాత్రం నీదే.”

కలంకేసి చూశాను. ఇల్లు, పిల్లల బడి, రాబోయే ప్రమోషను వరసగా కళ్లముందు నిలబడ్డాయి. కలం ముట్టుకోకుండా బయటికొచ్చేశాను. పిరికిపందనని ఎవరూ అనలేదు కాబట్టి నన్ను నేనే అనుకున్నాను.

మర్నాడు ఇద్దరు తుపాకీవాళ్లు దిగారు. వాళ్లకి దారి చూపించమని మామగారికి కాగితం వెళ్లింది. మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికొచ్చేసరికి ఆయన కూడా వచ్చేసి ఉన్నారు. ఇన్నేళ్లలో పొద్దుండగా మడుగు వదిలి రావడం అదే మొదలు. చేతిలో గొడుగు లేదు. తువ్వాలులో చుట్టి తెచ్చిన కొంగని వంటింటి గడప దగ్గర పడుకోబెట్టి, దాని పక్కనే చతికిలబడ్డారు.

“రెండింటిని కొట్టారు, ఒకదాన్ని వాళ్లే పట్టుకుపోయారు,” అన్నారు. “పొద్దుట్నుంచి వెతికినా ఇంకోటి దొరకలేదని విసుక్కున్నారు. సోమవారం ఇంకో ఆరుగురిని వెంటబెట్టుకుని వస్తారట. రెండువేలు కావాలట అల్లుడూ. రెండువేలు ఎక్కణ్నుంచి తెస్తాను? పదకొండని రాసిచ్చాను కదా.”

మా ఆవిడ నా మొహంకేసి చూసింది. కోపం ఎక్కువన్న మనిషి నాకు నెమ్మదిగా అన్నం వడ్డించింది. కంచం పక్కకి జరిపాను.

“నేనే కలిపాను మామయ్యా. ఏటా పదిశాతం.”

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కొంగ కాళ్లకంటిన బురద తువ్వాలు చెంగుతో తుడుస్తూ “అదా సంగతి” అన్నారు, అంతే. పెరట్లో గొయ్యి తవ్వారు. నేను పార అందుకోబోతే ఇవ్వలేదు.

శనివారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే చీటీ చేతిలో పెట్టారు. ఈ ఏటి లెక్క. ఎప్పటిలాగే కుదురైన రాత, మధ్యలో ఒక సున్నా.

“ఇదేంటి మామయ్యా, ఇంకా తొమ్మిదున్నాయిగా?”

“నాకు కనబళ్లేదు.”

“మీరు అబద్ధం రాయడమేంటి?”

“ఉన్నాయని రాస్తే ఎక్కువయ్యాయని కాలుస్తారు. లేవని రాస్తే ఎవడూ రాడు. నీ పుస్తకం నిన్న చదివాను. అందులో లేనివాటికే బతుకుంది.”

“కొంగలు లేవంటే మీ పోస్టు తీసేస్తారు. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది మీకు.”

“తెలుసు. ఎక్కించు.”

ఎక్కించాను. చీటీ చూసి పెద్దసారు ఎగిరి గంతేసినంత పని చేశారు. రెండువేలు తగ్గించమంటే అయిదువేల పైచిలుకు తగ్గించిన ఆఫీసు దేశంలో ఇంకోటి లేదని రాజధానికి రాశారు. తుపాకీవాళ్ల రాక రద్దయింది. మాకు ప్రశంసాపత్రం వచ్చింది, దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. అదే కవరులో, ఆ పత్రం కిందే, మామగారి పోస్టు రద్దుచేసిన కాగితం కూడా ఉంది. చేపలు మాత్రం ఇంకా పెరగలేదు. కాలవ సోమవారం నీలంగానే పారుతోంది.

ఏడాది తిరిగింది. పుస్తకం మళ్లీ అచ్చుకి వెళ్లే రోజు పెద్దసారు పిలిచారు.

“కొంగల గడి ఖాళీగా వదిలేశావేంటయ్యా? పోయినేటి అంకెకి పదిశాతం కలుపు.”

కలిపాను. సున్నాకి పదిశాతం కలిపితే సున్నాయే వచ్చింది. పెద్దసారు రెండోసారి కూడా కలిపించి చూశారు.

ఉద్యోగం లేకపోయినా మామగారు పొద్దున్నే మడుగుకి పోతూనే ఉన్నారు. మా ఆవిడ అన్నం డబ్బా కట్టిస్తుంది. ఈ ఏడు రెండు పిల్లలు లేచాయని దానితో చెప్పారట. అది వంటింట్లో నాకు గుసగుసగా చెప్పింది. ఆ సంతోషంలో నాకు చెప్పకపోతేనేం అనుకున్నాను గాని, మనసు ఊరుకోలేదు. సాయంత్రం ఆయన పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగాను.

“ఇప్పుడు ఎన్నున్నాయి మామయ్యా?”

ఆయన చెంబు తీసుకున్నారు. నిదానంగా కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు నావైపు చూశారు.

“సున్నా, సారూ,” అన్నారు.