మరుగుదొడ్డి తాళంచెవి

కుట్టు ఫ్యాక్టరీ మూడో అంతస్తులో నూట నలభై మంది ఆడవాళ్లం. మరుగుదొడ్లు రెండు. తాళంచెవి సూపర్‌వైజరు నడుముకు వేలాడేది. పూటకు ఒక్కసారే ఇచ్చేవాడు.

ఆ రోజు నా పక్క మిషను మీద కాలర్లు కుట్టే పిల్ల లేచి నిలబడింది. ఏడో నెల కడుపు.

"సార్, మంటగా ఉంది. ఆపుకోలేను."

"పొద్దున వెళ్లావుగా! ఇదేమైనా మీ పుట్టిల్లా? కూర్చో."

కూర్చుంది. అందరం విన్నాం. ఒక్క మిషనూ ఆగలేదు. నాదీ ఆగలేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

అప్పటికే ఆమె నీళ్లు తాగడం మానేసింది. తాగితే వెళ్లాలి కదా. మూడు రోజులుగా జ్వరం. "ఆస్పత్రికి పోవే" అన్నాను. "సెలవడిగితే రేపట్నుంచి రావద్దంటారక్కా" అంది. మధ్యాహ్నానికి మిషను మీద తల వాల్చేసింది. ఉమ్మనీరు కాళ్ల కింద మడుగు కట్టింది.

ఆ సాయంత్రమే కాన్పయింది. నెలలు నిండని ఆడపిల్ల. అద్దాల పెట్టెలో పెట్టారు. మొగుడు ఎక్కడో ఓడరేవులో బరువులు మోస్తున్నాడు. ఆమెకు తల్లి లేదు. ఆదివారం నేను వెళ్లేసరికి వరండా బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇంకా దాన్ని ఎత్తుకోలేదక్కా. ఈ ఐదు రోజుల్లో నాతో మాట్లాడింది నర్సమ్మ ఒక్కతే."

నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరిపోయింది. నొప్పులు ముందే రావడానికి అదే కారణమంటున్నారు డాక్టరుగారు. బిడ్డకూ పాకింది. మొదట్లోనే వస్తే మందులతో తగ్గేది." గొంతు తగ్గించింది. "ఈ ఏడాది మీ ఫ్యాక్టరీ నుంచి ఇలా వచ్చినవాళ్లలో ఈమె నాలుగోది. అక్కడ మీరు నీళ్లు తాగరా ఏంటి?"

తొమ్మిదో రోజు బిడ్డ పోయింది. తల్లి ఎత్తుకున్నది అప్పుడే.

మర్నాడు అన్నాల వేళ నర్సమ్మ మాట అందరికీ చెప్పాను. గుండీలు కుట్టే పెద్దమ్మ ముద్ద పక్కన పెట్టింది.

"నాకు రెండు పోయాయి. నా రాత అనుకున్నా."

"నాకొకటి" అంది ఇస్త్రీ చేసే ఆమె.

"అయితే ఏం చేద్దామంటారు? పని పోతే తిండెవరు పెడతారు?" అంది ఒక కొత్త పిల్ల.

"పిల్లలే పోతుంటే ఇంకా పని గురించేనా?" పెద్దమ్మ కసిరింది. "ఎవరికి వాళ్లం మూల కూర్చుని ఏడ్చాం. అందుకే వాడికి అలుసైపోయాం."

రెండు వారాలకు ఆ బిడ్డ తల్లి పనిలోకి వచ్చింది. ఆర్డర్లు మీద పడి మనుషులు చాలక రానిచ్చారు. పాలు ఇంకా ఆగలేదు, రొమ్ములు గుడ్డతో బిగించి కట్టుకుంది. పది గంటలకు లేచింది.

"తాళంచెవి ఇవ్వు."

"మళ్లీ మొదలెట్టావా?"

నేను మిషను ఆపాను. పెద్దమ్మ ఆపింది. వరస వెంట వరస ఆగిపోయి, అంతస్తంతా నిశ్శబ్దమైంది. సూపర్‌వైజరు ఒక్కొక్క మొహమే చూస్తూ వెనక్కి నడిచాడు. ఆ తల్లి బల్ల మీది ఇస్త్రీ పెట్టె తీసుకుని మరుగుదొడ్ల తలుపు తాళం పగలగొట్టింది. అందరం వంతులవారీగా వెళ్లొచ్చాం. కడుపారా నీళ్లు తాగాం.

గంటలో పోలీసులొచ్చి ఆమెను వ్యానెక్కించారు. వెనకే నడిచి స్టేషనుకు వెళ్లాం.

"తాళం పగలగొట్టినందుకు కేసు రాస్తున్నా. మీకేం పని? పొండి!" అన్నాడు రైటరు.

పెద్దమ్మ బల్ల ముందుకు వచ్చింది.

"రాసుకో బాబూ. ఈమె బిడ్డ సంగతీ రాయి. దాని కింద నావి రెండూ రాయి."

ఆమె వెనక ఇస్త్రీ ఆమె నిలబడింది. ఆమె వెనక మరొకామె. వరస మెట్లు దిగి రోడ్డు మీదికి సాగింది.